సీఎంఏలో ఖాళీ కనిపిస్తున్నా కెమెరా బఫర్లు దొరకడం లేదు: డీబగ్‌ఎఫ్‌ఎస్ అంకెలను ఎలా చదవాలి?

అరండల్‌పేట (గుంటూరు), శనివారం రాత్రి 9:40

గుంటూరులోని ఒక శీతల గిడ్డంగిలో మిరపకాయల్లోంచి తాలు కాయలను కెమెరాతో గుర్తించి వేరుచేసే యంత్రం ఉంది. దాని బోర్డు మీద నడిచే లినక్స్ బాధ్యత మాది. బోర్డులో 1 జీబీ మెమరీ ఉంది, కెర్నెల్ 5.15, సీఎంఏకు (పరికరాలకు ఏకఖండంగా మెమరీ ఇచ్చే కెర్నెల్ ఏర్పాటుకు) కేటాయించినది 64 ఎంబీ. కెమెరా 1080పీ ఎన్‌వీ12 చిత్రాలను పంపుతుంది కాబట్టి ఒక్కో బఫరుకు 1920ని 1088తోనూ (1080ని 16 గుణిజానికి పెంచితే వచ్చేది), పిక్సెల్‌కు ఒకటిన్నర బైట్ల లెక్కన ఒకటిన్నరతోనూ హెచ్చించినంత, అంటే 31,33,440 బైట్లు కావాలి. అది సరిగ్గా 765 పేజీలు (ఒక్కో పేజీ 4 కేబీ). అలాంటి బఫర్లు ఎనిమిది అడుగుతాము.

ఉదయం యంత్రం వేసినప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు. తేజ రకం అయిపోయి 334 రకం మొదలుపెట్టేటప్పుడు ఆపరేటరు సాఫ్ట్‌వేరును ఆపి మళ్లీ మొదలుపెడతాడు, అప్పుడు మాత్రం కెమెరా తెరుచుకోదు. కెర్నెల్ లాగ్‌లో సీఎంఏ కేటాయింపు విఫలమైందనీ, అడిగినది 765 పేజీలనీ, ఫలితం మైనస్ 16 అనీ వస్తుంది. ఆ సమయంలో డీబగ్‌ఎఫ్‌ఎస్ (కెర్నెల్ లోపలి స్థితిని ఫైళ్లుగా చూపే చోటు) కింది సీఎంఏ డైరెక్టరీలో చూస్తే బేస్_పీఎఫ్‌ఎన్ (ప్రాంతంలోని మొదటి పేజీ సంఖ్య) 507904, కౌంట్ (మొత్తం పేజీలు) 16384, ఆర్డర్_పర్_బిట్ 0 (ఒక్కో బిట్‌కు ఒక పేజీ), యూజ్‌డ్ 2000, మ్యాక్స్‌చంక్ 14360 అని ఉన్నాయి. మెమ్‌ఇన్ఫోలో మాత్రం సీఎంఏటోటల్ 65,536 కేబీ ఉండగా సీఎంఏఫ్రీ 3,112 కేబీయే ఉంది. ఒక ఫైలు పద్నాలుగు వేల పేజీల ఏకఖండం ఖాళీ ఉందంటోంది, మరొకటి మూడు ఎంబీకి కాస్త పైన మాత్రమే ఉందంటోంది. ఏది నమ్మాలో తెలిసినవారు చెప్పగలరు.

బందరు కాలువ (విజయవాడ), శనివారం రాత్రి 10:05

బూట్ పరామితిలో సీఎంఏను 128 ఎంబీ చేసి చూడండి. 1 జీబీ బోర్డు మీద 64 ఎంబీతో డిస్‌ప్లేనూ కెమెరానూ కలిపి నడపడం మొదటి నుంచీ ఇరుకు వ్యవహారమే. సీజన్ నడుస్తుండగా కెర్నెల్ పరిశోధన పెట్టుకోవడం కంటే ఇదే త్వరగా తేలే మార్గమని నా అభిప్రాయం.

పటమట (విజయవాడ), శనివారం రాత్రి 11:20

పరిమాణం పెంచడం గురించి తరువాత మాట్లాడుకోవచ్చు, ముందు ఆ అంకెలు చెబుతున్నదేమిటో చూద్దాము. రెండు ఫైళ్లూ నిజమే చెబుతున్నాయి, కాకపోతే అవి లెక్కపెడుతున్నవి వేర్వేరు విషయాలు.

సీఎంఏ ప్రాంతం ఎవరూ తాకకుండా తాళం వేసి ఉంచిన మెమరీ కాదు. పరికరాలు అడగనంత కాలం ఆ పేజీలను కెర్నెల్ కదిలించగలిగిన అవసరాలకు, అంటే ప్రోగ్రాముల సొంత డేటా ఉండే అనామక పేజీలకూ ఫైలు క్యాషుకూ వాడుకుంటుంది. పరికరం అడిగిన క్షణంలో ఆ పేజీలలోని సమాచారాన్ని వేరే చోటికి తరలించి ఖాళీ చేయించి ఇస్తుంది. ఆర్టీసీ సిటీ బస్సులో స్త్రీలకు కేటాయించిన సీట్ల పద్ధతే ఇది. ఎవరూ లేనప్పుడు మగవారు కూర్చోవచ్చు గానీ అడిగితే లేవాలి.

యూజ్‌డ్ అనే ఫైలు సీఎంఏ ద్వారా అధికారికంగా తీసుకున్న పేజీలను మాత్రమే, అంటే బిట్‌మ్యాప్‌లో (ఇక్కడ ఒక్కో పేజీకి ఒక్కో బిట్ ఉండే పట్టికలో) 1గా ఉన్న బిట్లను మాత్రమే లెక్కిస్తుంది. మధ్యలో వచ్చి కూర్చున్నవారు ఆ లెక్కలోకి రారు. మ్యాక్స్‌చంక్ కూడా అదే బిట్‌మ్యాప్‌లోని అతి పెద్ద సున్నాల వరుస. సీఎంఏఫ్రీ లెక్క, కెర్నెల్ మామూలుగా పేజీలు పంచే బడ్డీ అలకేటరు వైపు నుంచి వస్తుంది. అక్కడ ఎవరూ కూర్చోని పేజీలు మాత్రమే ఖాళీ. మీ అంకెలతోనే చూడండి: 65,536 కేబీలోంచి అధికారికంగా తీసుకున్న 2000 పేజీలు, అంటే 8,000 కేబీ తీసేసి, సీఎంఏఫ్రీలోని 3,112 కేబీ కూడా తీసేస్తే 54,424 కేబీ మిగులుతుంది. ఆ 13,606 పేజీలలో ప్రస్తుతం ఇతరులున్నారు. అది తప్పేమీ కాదు, సీఎంఏ పెట్టిందే అందుకు. 2012లో 3.5 కెర్నెల్‌తో ఇది ప్రధాన శాఖలోకి వచ్చినప్పటి ఉద్దేశమూ అదే, కెమెరా నడవనప్పుడు దాని మెమరీ వృథా కాకూడదని.

మైనస్ 16 అంటే ఈబిజీ, వాడుకలో ఉందని అర్థం. బిట్‌మ్యాప్‌లో చోటు దొరికింది గానీ అక్కడున్న ఏదో ఒక పేజీ కదలలేదు. బిట్‌మ్యాప్‌లోనే చోటు లేకపోయి ఉంటే మైనస్ 12 వచ్చేది. మైనస్ 12కు ఇంకో అర్థం కూడా ఉంది, కదిలించిన పేజీలను పెట్టడానికి బయట మెమరీ లేకపోయినా అదే వస్తుంది. కాబట్టి మీ సమస్య చోటు చాలకపోవడం కాదు, అడిగినా లేవని ఎవరో అక్కడ కూర్చొని ఉండడం. ఈ అయిదారు ఫైళ్లను ఎంతసేపు చదివినా ఆ ఎవరో ఎవరన్నది తెలియదు, ఎందుకంటే ఆ పేజీ కదులుతుందా లేదా అనే సమాచారం బిట్‌మ్యాప్‌లో అసలు లేదు. అది తెలుసుకోవాలంటే ఒకసారి అడిగి చూడవలసిందే. ఆలాక్, ఫ్రీ అనే రెండు ఫైళ్లు అందుకే ఉన్నాయి.

బ్రాడీపేట రెండో లైను (గుంటూరు), ఆదివారం ఉదయం 7:30

పటమట గారూ, నేను ఇంజినీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థిని. నా ల్యాప్‌టాప్‌లో రూట్‌గా వెళ్లి చూసినా డీబగ్ డైరెక్టరీ కింద సీఎంఏ అన్న పేరే కనబడలేదు. మా ప్రయోగశాలలోని బోర్డు మీద డైరెక్టరీ ఉంది, కౌంట్ చదవగలిగాను గానీ ఆలాక్‌లో రాయబోతే అనుమతి లేదంది. రూట్‌కు కూడా అనుమతి లేకపోవడం ఏమిటో అర్థం కాలేదు.

ఆటోనగర్ బెంచీ (విజయవాడ), ఆదివారం ఉదయం 8:15

మొదటిదానికి కారణం మీ ల్యాప్‌టాప్ కెర్నెల్‌ను సీఎంఏ డీబగ్‌ఎఫ్‌ఎస్ అనే ఐచ్ఛికం లేకుండా కట్టి ఉండడం. అది 2015లో 4.1 కెర్నెల్‌తో వచ్చింది, విడిగా ఎంచుకుంటేనే వస్తుంది. డీబగ్‌ఎఫ్‌ఎస్‌ను మౌంట్ చేయకపోయినా మొత్తం డైరెక్టరీయే ఖాళీగా ఉంటుంది కాబట్టి ముందు అది చూసుకోండి.

రెండోది లాక్‌డౌన్ అయి ఉంటుంది. సెక్యూర్ బూట్‌తో కొన్ని కెర్నెళ్లు లాక్‌డౌన్ స్థితిలోకి వెళతాయి. ఆ స్థితిలో డీబగ్‌ఎఫ్‌ఎస్ కింద కేవలం చదవడానికే ఉన్న ఫైళ్లను తెరవనిస్తుంది, రాయడానికి ఉన్నవాటిని రూట్‌కు కూడా తెరవనివ్వదు. మీకు కౌంట్ కనిపించి ఆలాక్ కుదరకపోవడం సరిగ్గా ఆ లక్షణమే. డైరెక్టరీ పేరు విషయంలో కూడా ఒక మాట: కెర్నెల్ వెర్షనును బట్టి ప్రాంతం పేరుకు ముందు సీఎంఏ అనీ ఒక అడ్డగీతా ఉండవచ్చు, ఉండకపోవచ్చు. డీబగ్‌ఎఫ్‌ఎస్‌లోని పేర్లు ఇలాగే ఉంటాయని ఎవరూ హామీ ఇవ్వలేదు కాబట్టి మీ స్క్రిప్టులో పేరును గట్టిగా రాసిపెట్టుకోవద్దు.

పటమట (విజయవాడ), ఆదివారం ఉదయం 9:50

ఆలాక్, ఫ్రీ ఫైళ్లను వాడే ముందు వాటి నడవడిక తెలిసి ఉండడం మంచిది. డాక్యుమెంటేషన్‌లో కొద్ది వాక్యాలే ఉన్నాయి, మిగతాది సోర్సు చదివితేనే తెలుస్తుంది.

ఆలాక్‌లోకి ఒక అంకెను ఎకో చేస్తే అన్ని పేజీలను ఆ ప్రాంతం నుంచి తీసుకోవడానికి కెర్నెల్ నిజంగానే ప్రయత్నిస్తుంది. ఇది నటన కాదు, డ్రైవరు అడిగినప్పుడు జరిగే తరలింపు అంతా జరుగుతుంది. విఫలమైతే మీ షెల్లుకు వచ్చే సందేశం ఎప్పుడూ మెమరీ చాలలేదనే. లోపల జరిగింది మైనస్ 16 అయినా సరే, ఈ ఇంటర్‌ఫేసు దానిని మైనస్ 12గా మార్చి తిరిగి ఇస్తుంది. కాబట్టి అసలు కారణానికి షెల్లును కాక కెర్నెల్ లాగ్‌ను చూడాలి. ఆ లాగ్‌లోని వరుసలకు కూడా వేగ పరిమితి ఉంది కాబట్టి లూపులో వందసార్లు అడిగితే వంద వరుసలూ రావు.

ఇలా తీసుకున్న పేజీలకు యజమాని అయిన ప్రాసెస్ ఉండదు. షెల్లు మూసినా, ఎస్‌ఎస్‌హెచ్ తెగిపోయినా అవి అలాగే ఉండిపోతాయి. మీరే ఫ్రీలో రాసి విడుదల చేయాలి, లేదా యంత్రాన్ని రీబూట్ చేయాలి. ఫ్రీ కూడా ఆలాక్ ద్వారా తీసుకున్నవాటినే వదులుతుంది, డ్రైవరు తీసుకున్న పేజీల జోలికి పోదు, అందువల్ల పొరపాటున డిస్‌ప్లే బఫరును వదిలేస్తామేమో అన్న భయం అక్కరలేదు. ఎక్కువ అంకె రాసినా, అసలు వదలడానికి ఏమీ లేకపోయినా అది విజయవంతమైనట్టే చెబుతుంది, కాబట్టి తరువాత యూజ్‌డ్ చూసి నిర్ధారించుకోవాలి. వదిలే వరుస కూడా గుర్తుంచుకోండి, చివర తీసుకున్న ఖండం ముందు పోతుంది. ఆ ఖండంలో కొన్నింటినే వదలమంటే దాని మొదటి పేజీల నుంచి వదులుతుంది. ఆర్డర్_పర్_బిట్ సున్నా కాని ప్రాంతాల్లో ఖండంలో కొంత భాగం వదలడం కుదరదు, ఖండం మొత్తం వదలాల్సిందే.

అరండల్‌పేట గారూ, తరువాత విఫలమైనప్పుడు రీబూట్ చేయకుండా ఆలాక్‌లోకి 765 రాసి, ఎంతసేపు పట్టిందో, యూజ్‌డ్, మ్యాక్స్‌చంక్ ఎంతకు మారాయో, బిట్‌మ్యాప్ ఎలా ఉందో ఇక్కడ పెట్టండి.

అరండల్‌పేట (గుంటూరు), సోమవారం రాత్రి 8:45

ఈ రోజు రకం మార్చినప్పుడు మళ్లీ అదే జరిగింది. కెమెరా తెరుచుకోలేదు, మైనస్ 16 వచ్చింది. వెంటనే ఆలాక్‌లోకి 765 రాశాను. ప్రాంప్టు తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది గానీ, ఆశ్చర్యంగా, పేజీలు దొరికాయి. యూజ్‌డ్ 2000 నుంచి 2765 అయింది. మ్యాక్స్‌చంక్ 14360 నుంచి 9820కి దిగింది. బిట్‌మ్యాప్‌లోని అంకెలలో మొదట డిస్‌ప్లేవి పోగా చాలా సున్నాల తరువాత 182వ అంకె 4294967168గా ఉంది, దాని తరువాతివన్నీ నిండుగా ఉన్నాయి, 206వ అంకె 15. ఆ తరువాత చివరిదాకా సున్నాలే. వెంటనే ఫ్రీలో 765 రాసి వదిలి కెమెరాను మళ్లీ తెరిచాను, మళ్లీ మైనస్ 16. చేత్తో అడిగితే ఇస్తూ డ్రైవరు అడిగితే ఇవ్వకపోవడం ఏమిటో తెలియడం లేదు.

బందరు కాలువ (విజయవాడ), సోమవారం రాత్రి 9:10

అయితే ఈ డీబగ్ పరీక్ష ఫలితానికీ డ్రైవరుకూ సంబంధమే లేదన్నమాట. అలాంటి పరీక్ష చేసి ప్రయోజనం ఏమిటి? నేను మొదట చెప్పినట్టు 128 ఎంబీ పెట్టండి.

పటమట (విజయవాడ), సోమవారం రాత్రి 11:55

సంబంధం ఉంది, కాకపోతే రెండూ ఒకే ప్రశ్న అడగడం లేదు. అరండల్‌పేట గారు పెట్టిన బిట్‌మ్యాప్‌లో సమాధానం దాదాపు వచ్చేసింది.

డ్రైవరు డీఎంఏ (పరికరం నేరుగా మెమరీని వాడే పద్ధతి) వైపు నుంచి అడిగినప్పుడు పరిమాణాన్ని బట్టి అలైన్‌మెంటు, అంటే బఫరు ఏయే గుణిజాల దగ్గర మొదలవాలన్న నియమం కూడా కోరుతుంది. దానికి పై హద్దు సీఎంఏ అలైన్‌మెంట్ అనే కాన్ఫిగ్ విలువ. మామూలుగా అది 8, అంటే రెండు ఘాతం 8, అంటే 256 పేజీలు. అందువల్ల 765 పేజీల బఫరు ప్రాంతం మొదలు నుంచి 256 గుణిజాల దగ్గర మాత్రమే మొదలవగలదు. మీ డిస్‌ప్లే దానికి సాక్ష్యం. 1280ని 800తోనూ నాలుగు బైట్లతోనూ హెచ్చిస్తే సరిగ్గా 1000 పేజీలు, అలాంటి బఫర్లు రెండు. మొదటిది 0 దగ్గర, రెండోది 1000 దగ్గర కాక 1024 దగ్గర మొదలై 2023తో ముగుస్తుంది, మిగిలిన 14,360 పేజీలే మీ మ్యాక్స్‌చంక్. ఆలాక్ ఫైలు మాత్రం అలైన్‌మెంటు సున్నాతో అడుగుతుంది, ఏ పేజీ దగ్గర మొదలైనా దానికి సమ్మతమే. అందుకే అది డ్రైవరు కంటే ఉదారమైన పరీక్ష. అది గెలిచినంత మాత్రాన డ్రైవరు గెలుస్తుందని లేదు, అది ఓడితే మాత్రం ఆ క్షణానికి డ్రైవరుకూ ఆశ తక్కువే.

సమయం ఎక్కువ పట్టడానికీ ఇదే కారణం. ఒక చోట ఈబిజీ వస్తే సీఎంఏ తరువాతి అలైన్‌మెంటు గీత దగ్గర మళ్లీ ప్రయత్నిస్తుంది. డ్రైవరుకు అది 256 పేజీల అడుగు, డీబగ్ పరీక్షకు ఒక్క పేజీ అడుగు. మీ 182వ అంకె చూడండి, ముందున్న 181 అంకెలు 32 బిట్ల చొప్పున 5,792 పేజీలు. 4294967168 అంటే కింది ఏడు బిట్లు సున్నా, మిగతావన్నీ ఒకట్లు. కాబట్టి ఖండం 5,799వ పేజీ దగ్గర మొదలైంది. 206వ అంకె 15 కాబట్టి 6,563తో ముగిసింది. ఆ పైన 9,820 పేజీలు మిగిలాయి, మీ మ్యాక్స్‌చంక్‌తో సరిపోయింది. 5,799 అన్నది 256 గుణిజం కాదు కాబట్టి డ్రైవరు ఆ చోటు అడగనే అడగదు.

ఇక అసలు లాభం. పరీక్ష 2,024 నుంచి ఒక్కొక్క పేజీ జరుగుతూ వచ్చి 5,798 దగ్గర ఓడి 5,799 దగ్గర గెలిచింది. మొదటి ప్రయత్నంలో ఉండి రెండో ప్రయత్నంలో లేని పేజీ ఒక్కటే, అది 5,798. కాబట్టి ఆ ఒక్క పేజీయే అక్కడ అడ్డం పడింది. 507904కు 5798 కలిపితే 513702. ఆ పీఎఫ్‌ఎన్ ఎవరిదో కనుక్కోండి. అలైన్‌మెంటు లేకపోవడం పరీక్షగా లోపమే గానీ, వేలు పెట్టి చూపించడంలో ఇంతకంటే సూటి సాధనం నాకు కనబడలేదు. ఆ పేజీ తాత్కాలికంగా, ఉదాహరణకు ఎస్‌డీ కార్డుకు రాస్తూ ఉండి, కదలకపోయి ఉండవచ్చు కాబట్టి అదే స్థితిలో ఇంకోసారి చేసి అదే పేజీ వస్తుందో లేదో చూసుకోవాలి.

దానికి పేజ్ ఓనర్ కావాలి. కెర్నెల్‌లో ఆ ఐచ్ఛికం కట్టి, బూట్ వరుసలో పేజ్_ఓనర్ ఆన్ అని ఇస్తే, డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో అదే పేరుతో ఉన్న ఫైలులో ప్రతి పేజీని ఏ దారిలో కేటాయించారో స్టాక్‌తో సహా వస్తుంది. అయితే అది కేటాయించినవారిని చెబుతుందే గానీ పట్టుకొని వదలనివారిని చెప్పదు. ఆ రెండోదాని కోసం పేజ్_రెఫ్ ట్రేస్‌పాయింట్లు ఉన్నాయి. సీఎంఏ వైఫల్యాలలో పేజీ రెఫరెన్సులను ఎవరు పట్టుకున్నారో వెతకడానికే వాటిని 4.6లో చేర్చారు, కాకపోతే అన్నింటినీ నడిపితే లాగ్ వరదలా వస్తుంది. దానికంటే ముందు డైనమిక్ డీబగ్ కంట్రోల్ ఫైలులో ఆలాక్_కాంటిగ్_డంప్_పేజెస్ అనే ఫంక్షనుకు ప్లస్ పీ ఇచ్చి చూడండి. కదలని పేజీల వివరాలు, వాటి రెఫ్‌కౌంటు (ఎందరు పట్టుకున్నారన్న లెక్క), మ్యాప్‌కౌంటు (ఎన్ని చోట్ల మ్యాప్ అయిందన్న లెక్క) లాగ్‌లోకి వస్తాయి.

ఆటోనగర్ బెంచీ (విజయవాడ), మంగళవారం ఉదయం 8:00

డ్రైవరు అడిగినట్టే అడిగే పరీక్ష కావాలంటే డీఎంఏ హీప్ ఉంది. సీఎంఏ హీప్‌ను కెర్నెల్‌లో కట్టి ఉంటే డెవ్ కింద డీఎంఏ_హీప్ డైరెక్టరీలో ఆ ప్రాంతం పేరుతో ఒక ఫైలు ఉంటుంది, చిన్న సీ ప్రోగ్రాముతో అందులోంచి బఫరు అడగవచ్చు. అది డ్రైవరుకు వర్తించే అలైన్‌మెంటు నియమాన్నే పాటిస్తుంది, ఫైల్ డిస్క్రిప్టరు మూయగానే మెమరీ వదిలేస్తుంది, డీబగ్‌ఎఫ్‌ఎస్ అసలు అక్కరలేదు. కెర్నెల్ సోర్సులోని సెల్ఫ్‌టెస్టులలో దీనికి నమూనా ఉంది.

ఆలాక్‌ను నేను ఎక్కువగా వాడేది ఇంకో పనికి: కావాలని చోటు లేకుండా చేసి, పైనున్న సాఫ్ట్‌వేరు ఎలా తట్టుకుంటుందో చూడడానికి. అరండల్‌పేట గారి అంకెలతోనే చెబుతాను. బూట్ అయిన వెంటనే, కెమెరా తెరవకముందు, ఆలాక్‌లోకి 12000 రాస్తే 2,024 నుంచి 14,023 దాకా నిండుతుంది. మిగిలిన చోట 256 గుణిజాలు పాటిస్తూ 14,080 దగ్గర ఒకటి, 14,848 దగ్గర ఒకటి, 15,616 దగ్గర ఒకటి, మూడు బఫర్లే పడతాయి. లినక్స్ కెమెరా ఇంటర్‌ఫేసు అయిన వీ4ఎల్2లో ఎనిమిది బఫర్లు అడిగినప్పుడు మూడే దొరికితే డ్రైవరు తనకు కావలసిన కనీస సంఖ్యకు తగ్గనంతవరకు తప్పు చూపకుండా మూడు అనే తిరిగి చెబుతుంది. సాఫ్ట్‌వేరు ఆ తిరిగి వచ్చిన సంఖ్యను చూడకుండా ఎనిమిదీ ఉన్నాయనుకొని ముందుకు వెళితే ఎక్కడో దూరంగా వేరే రూపంలో పడిపోతుంది. ఈ పరీక్షలో లాగ్‌లో వచ్చేది మైనస్ 12, మీకు సైటులో వస్తున్నది మైనస్ 16. ఆ తేడాను ఒకసారి బెంచీ మీద చూస్తే ఇక మరిచిపోరు.

నడుస్తున్న యంత్రం మీద మాత్రం పెద్ద అంకెలతో ఈ పరీక్ష చేయవద్దు. ఒక కేటాయింపు పేజీలను తరలిస్తూ ఉండగా మరొకటి దాని కోసం ఆగవలసి రావచ్చు, ఒక్కో పేజీ జరిగే పరీక్ష ఎంతసేపు పడుతుందో మీరే చూశారు.

అరండల్‌పేట (గుంటూరు), గురువారం రాత్రి 10:30

పేజ్ ఓనర్‌తో కొత్త కెర్నెల్ పెట్టి మళ్లీ అదే స్థితి తెప్పించాము. రీబూట్ అయింది కాబట్టి ఖండం పడిన స్థానం మారింది గానీ పద్ధతి అదే. రెండుసార్లు అడిగి వదిలితే రెండుసార్లూ ఒకే చోట పడింది, అంటే తాత్కాలికమైనది కాదు. దాని ముందు పేజీ పీఎఫ్‌ఎన్‌ను పేజ్ ఓనర్ ఫైలులో వెతికితే అది అనామక పేజీ, పేజ్ ఫాల్టు దారిలో వచ్చినది, ప్రాసెస్ సంఖ్య మా కన్వేయరు సేవది. డంప్‌లో చూస్తే మ్యాప్‌కౌంటు 1, రెఫ్‌కౌంటు మాత్రం ఉండవలసిన దానికంటే ఎక్కువ. అలాంటి పేజీలు ప్రాంతమంతా చెదురుగా ఉన్నాయి.

ఆ సేవ తాలు కాయ వచ్చినప్పుడు గాలి నాజిల్ తెరిచే ఇన్‌పుట్ అవుట్‌పుట్ కార్డుతో మాట్లాడుతుంది. కార్డుతోపాటు వచ్చిన డ్రైవరు ప్రధాన కెర్నెల్‌లో లేనిది, సోర్సు ఇచ్చారు. సేవ తన 4 ఎంబీ రింగ్ బఫరును మొదలైనప్పుడే డ్రైవరుకు అప్పగిస్తుంది. డ్రైవరు గెట్_యూజర్_పేజెస్‌తో ఆ పేజీలను పట్టుకుని సేవ ఆగేదాకా వదలదు. చాలాకాలం పట్టుకుంటానని కెర్నెల్‌కు చెప్పే లాంగ్‌టర్మ్ గుర్తు ఎక్కడా లేదు.

ఉదయం ఎందుకు పనిచేస్తుందన్నది మాత్రం ఇంకా తేలలేదు. ఉదయం కూడా అదే సేవ, అదే డ్రైవరు.

పటమట (విజయవాడ), శుక్రవారం ఉదయం 6:40

మీ పునఃప్రారంభ స్క్రిప్టులో వరుస ఏమిటి? కెమెరా ఆపి, కన్వేయరు సేవను మళ్లీ మొదలుపెట్టి, ఆ తరువాత కెమెరా తెరుస్తుంటే కారణం అక్కడే ఉంటుంది.

కదిలించగలిగిన పేజీ కావాలని ఎవరైనా అడిగినప్పుడు, ఆ జోన్‌లో (మెమరీ విభాగంలో) మొత్తం ఖాళీ పేజీలలో సగానికి మించి సీఎంఏలోనే ఉంటే కెర్నెల్ ముందుగా సీఎంఏ నుంచే ఇస్తుంది. ఈ నియమం 5.15లో ఉంది. ఉదయం బూట్‌లో మెమరీ అంతా ఖాళీ, సీఎంఏ వాటా సగానికి చాలా తక్కువ. అందుకని సేవ పేజీలు బయటే పడతాయి. సాయంత్రానికి ఫైలు క్యాషుతో బయట మెమరీ నిండిపోతుంది. కెమెరాను ఆపగానే ఎనిమిది బఫర్ల పేజీలు, 6,120, ఒక్కసారిగా సీఎంఏలో ఖాళీ అవుతాయి. సరిగ్గా ఆ క్షణంలో సేవ కొత్తగా మొదలై 4 ఎంబీ అడుగుతుంది. కెర్నెల్ తన నియమం ప్రకారం వాటిని సీఎంఏ నుంచి ఇస్తుంది, డ్రైవరు వాటికి మేకు కొడుతుంది. 1,024 పేజీలు చెదిరి పడితే 256 పేజీల అడుగుతో వరుసగా మూడు అడుగుల స్వచ్ఛమైన చోటు దొరకకపోవడంలో వింతేమీ లేదు.

డ్రైవరులో చేయవలసినది తెలిసినదే. పిన్_యూజర్_పేజెస్‌ను లాంగ్‌టర్మ్ గుర్తుతో వాడాలి, వదిలేటప్పుడు అన్‌పిన్ జంటను వాడాలి. ఆ గుర్తు ఉంటే పట్టుకునే ముందే కెర్నెల్ ఆ పేజీలను సీఎంఏ బయటికి తరలిస్తుంది. దీర్ఘకాలం పట్టుకోబోయే ప్రతి డ్రైవరూ ఇలా చెప్పి పట్టుకోవాలన్నది కెర్నెల్ పెట్టిన నియమమే. చెప్పకుండా పట్టుకుంటే కెర్నెల్ దృష్టిలో అది కాసేపట్లో వదిలిపోయే పేజీయే.

బందరు కాలువ (విజయవాడ), శుక్రవారం ఉదయం 9:25

కారణం తేలినందుకు సంతోషం. అయినా నాది అదే మాట, కాస్త మారుస్తాను. సీఎంఏను పెంచడం కాదు, కెమెరాకు విడిగా 32 ఎంబీ రిజర్వు చేసేయండి. డివైస్ ట్రీలో (బోర్డులోని పరికరాల వర్ణనలో) షేర్డ్ డీఎంఏ పూల్‌ను రీయూజబుల్ అన్న గుణం లేకుండా, నో మ్యాప్‌తో పెట్టి కెమెరా నోడుకు కట్టేస్తే ఆ మెమరీలో ఇంకెవరూ కూర్చోరు. ఆ పూల్ ఒక్కో బఫరును రెండు ఘాతానికి పెంచి 1,024 పేజీల చొప్పున ఇస్తుంది కాబట్టి ఎనిమిది బఫర్లకు లెక్క సరిగ్గా 32 ఎంబీయే. మిరప యంత్రంలో కెమెరా రోజంతా నడుస్తూనే ఉంటుంది, ఖాళీ సమయంలో ఆ మెమరీని ఇతరులకు అద్దెకిచ్చి మిగుల్చుకునేది ఏముంది?

పటమట (విజయవాడ), శుక్రవారం ఉదయం 10:10

ఈ యంత్రానికి అది న్యాయమైన వాదనే, నేను కాదనను. రోజంతా కెమెరా నడిచే చోట పంచుకోవడం వల్ల వచ్చే లాభం తక్కువ. రెండు విషయాలు మాత్రం గమనించండి. అలా రిజర్వు చేసిన పూల్ సీఎంఏ కాదు కాబట్టి ఈ డీబగ్‌ఎఫ్‌ఎస్ డైరెక్టరీలో కనిపించదు, ఇప్పటిదాకా మనం వాడిన పరీక్షలేవీ దాని మీద పనిచేయవు. ఇక డిస్‌ప్లే ఇంకా సీఎంఏలోనే ఉంటుంది. డ్రైవరును దిద్దకపోతే రేపు ఆపరేటరు తెర రిజల్యూషను మార్చినప్పుడు ఇదే కథ అక్కడ మొదలవుతుంది.

బ్రాడీపేట రెండో లైను (గుంటూరు), శుక్రవారం మధ్యాహ్నం 1:15

ఒక సందేహం. పేజ్ అలొకేషన్‌కు కృత్రిమంగా వైఫల్యం కలిగించే ఫెయిల్_పేజ్_ఆలాక్ అనే సదుపాయం డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో ఉంది కదా. 12,000 పేజీలు నింపడం కంటే దానితో పరీక్షించడం సులభం కాదా?

ఆటోనగర్ బెంచీ (విజయవాడ), శుక్రవారం మధ్యాహ్నం 2:00

అది మామూలు బడ్డీ కేటాయింపు దారిలో ఉంటుంది. సీఎంఏ ఒక నిర్దిష్ట ప్రాంతాన్ని ఖాళీ చేయించి తీసుకుంటుంది కాబట్టి ఆ అభ్యర్థన నేరుగా అందులోకి రాదు. తరలించిన పేజీలకు బయట కొత్త చోటు వెతికే దశ మాత్రం ఆ దారిలోనే నడుస్తుంది, కాబట్టి పటమట గారు మొదట చెప్పిన మైనస్ 12 రెండో అర్థాన్ని తెప్పించడానికి పనికొస్తుంది. అందుకు ఇగ్నోర్ జీఎఫ్‌పీ వెయిట్, ఇగ్నోర్ జీఎఫ్‌పీ హైమెమ్ అనే రెండింటినీ ఆపి, మిన్ ఆర్డర్‌ను సున్నా చేయాలి, లేకపోతే మీరు కోరిన కేటాయింపులను అది వదిలేస్తుంది. చోటు చాలని స్థితికి నింపడమే సూటి మార్గం.

అరండల్‌పేట (గుంటూరు), ఆదివారం రాత్రి 9:15

స్క్రిప్టులో వరుస పటమట గారు ఊహించినట్టే ఉంది. ముందుగా స్క్రిప్టును మార్చి కెమెరా తెరుచుకొని బఫర్లు చేతికొచ్చిన తరువాతే కన్వేయరు సేవ మొదలయ్యేలా చేశాము, దానితో సైటులో వైఫల్యం ఆగింది. ఆ తరువాత డ్రైవరులో లాంగ్‌టర్మ్ పిన్‌కు మార్చి, బెంచీ మీద కావాలని పాత వరుసలోనే నడిపి చూశాము. కెమెరా తెరుచుకుంటోంది. డీఎంఏ హీప్ నుంచి 765 పేజీల బఫర్లు ఎనిమిదీ వస్తున్నాయి. ఆలాక్‌లోకి 765 రాస్తే ఇప్పుడు వెంటనే ప్రాంప్టు వస్తోంది, ఖండం 2,024 దగ్గరే పడుతోంది, అంటే మొదటి ప్రయత్నంలోనే.

12,000 పేజీలు నింపి కూడా చూశాము. డ్రైవరు మూడు బఫర్లు అని చెప్పింది, సాఫ్ట్‌వేరు దానిని గమనించి తెర మీద సందేశం చూపి ఆగింది. ఆటోనగర్ బెంచీ గారు చెప్పిన మూడు స్థానాలూ బిట్‌మ్యాప్‌లో అలాగే ఉన్నాయి.

సైటుకు వెళ్లే కెర్నెల్‌లో సీఎంఏ డీబగ్‌ఎఫ్‌ఎస్‌నూ పేజ్ ఓనర్‌నూ తీసేశాము. వాటి బదులు సీఎంఏ సిస్‌ఎఫ్‌ఎస్ ఐచ్ఛికం ఉంచాము. ప్రాంతం పేరు కింద విజయవంతమైన, విఫలమైన పేజీల లెక్కలు రెండు ఫైళ్లలో వస్తాయి, వాటిని ప్రతి రకం మార్పిడి తరువాత మా లాగ్‌లోకి రాస్తున్నాము. కెమెరాకు విడి పూల్ పెట్టే ఆలోచనను సీజన్ అయ్యాక చూస్తాము. కార్డు డ్రైవరులోని మార్పును ప్యాచ్‌గా తయారీదారుకు పంపాము. 5.15 మీద అది నేరుగా అతుకుతుంది, కావలసినవారు అడిగితే ఈ చర్చలోనే పెడతాను.